పిన్ని లెక్కల పుస్తకంలో శ్రీలంక

మొదటి రోజు: నెల్లూరు నుంచి నెగొంబో

శ్రీలంకే ఎందుకని అందరూ అడిగారు. మనిషికి ముప్ఫై వేలు దాటకూడదు, విమానం టికెట్టు కూడా అందులోనే రావాలి, పిన్నికి రెండు పూటలా అన్నం ఉండాలి. ఈ మూడూ కుదిరే దేశాలు ఎక్కువ లేవు. నేపాల్ అంటే చలి అంది. థాయ్‌లాండ్ అంటే ఏ గిన్నెలో ఏముందో తెలియకుండా తినలేనంది. ఇక మిగిలింది లంక.

మా పిన్ని నెల్లూరులో ఏళ్ళ తరబడి వీధి చీటీలు నడుపుతోంది. ఎవరు ఏ నెల పాడారో, ఎవరు ఎంత బాకీ ఉన్నారో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ప్రయాణానికి కూడా ఒక పొడుగు నోట్‌బుక్కు తెచ్చింది. ఎడమవైపు లంక రూపాయలు, కుడివైపు మన రూపాయలు.

2024 ఫిబ్రవరిలో వెళ్ళడం మాకు కలిసొచ్చింది. మనవాళ్ళతో సహా కొన్ని దేశాల పౌరులకి ఆ మార్చి నెలాఖరు దాకా వీసా ఫీజు ఎత్తేశారు. ఫీజు లేకపోయినా ఇ.టి.ఏ. (ప్రయాణ అనుమతి) మాత్రం ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సి వచ్చింది. ఈ నియమాలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి ఆ దేశపు ఇమిగ్రేషన్ శాఖ సైటే చూసుకోండి. అచ్చం అలాగే కనిపించే ఏజెంట్ల సైట్లు బోలెడున్నాయి, వాటిలో దిగితే ఊరికే అదనపు డబ్బు వదులుతుంది.

నెల్లూరులో తెల్లవారుజాము రైలెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగాం. ఎయిర్‌పోర్టుకి టాక్సీ మాటెత్తితే పిన్ని నా వైపు చూసిన చూపు చాలు. రోడ్డు దాటితే పార్క్ స్టేషన్, అక్కణ్ణించి తాంబరం లోకల్. తిరుసూలంలో దిగితే ఎదురుగానే ఎయిర్‌పోర్టు.

గంటన్నర లోపే కొలంబో ఎయిర్‌పోర్టున్న కటునాయకెలో దిగాం. ఎయిర్‌పోర్టు లోపలే బ్యాంకుల కౌంటర్లు వరసగా ఉంటాయి. పిన్ని అన్నిటి ముందూ నిలబడి రేట్లు రాసుకుని, పైసల తేడాతో ఉన్న వాటిలో ఒకదాన్ని ఎంచింది. మన రూపాయికి మూడున్నర పైనే వచ్చింది. ఆ నెల 12నే లంకలో మన యూపీఐ మొదలైందని పేపర్లో చదివి నేను సంబరపడ్డాను కానీ, మేం అడిగిన చిన్న షాపుల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు. చేతిలో నోట్లు ఉండాల్సిందే.

బయట చుట్టుముట్టిన ఆటోవాళ్ళని దాటుకుని మెయిన్ రోడ్డు దాకా వచ్చి, కొలంబో నుంచి నెగొంబో వెళ్ళే 240 నంబరు బస్సెక్కాం. మొదటి రాత్రి కొలంబోలో కాకుండా నెగొంబోలో ఉండటమే మేలు. ఎయిర్‌పోర్టుకి దగ్గర, గదులు చవక.

గది ఇచ్చినామె అరవై దాటిన మనిషి. 2022 ఆర్థిక సంక్షోభం సంగతి ఆమే ఎత్తింది. పాలపొడికి క్యూ, గ్యాసుకి క్యూ, పెట్రోలుకైతే ఆటోలు రోజుల తరబడి వరసలో నిలబడ్డాయట. ఇప్పుడు క్యూలు లేవు, ధరలు మాత్రం దిగలేదు అంది. ఆ జనవరిలోనే వ్యాట్ 15 నుంచి 18 శాతానికి పెంచారు. పిన్ని అన్నీ విని, అప్పటిదాకా నాలుగు వందలు తగ్గించమని చేస్తున్న బేరాన్ని రెండు వందల దగ్గర ఆపేసింది.

రెండో రోజు: అనురాధపురం దారి

పొద్దున్నే నెగొంబో చేపల రేవు చూశాం. ఇసుక మీద పట్టాలు పరిచి, ఉప్పు పట్టించిన చేపల్ని వరసలుగా ఎండబెడుతున్నారు. విదేశీయులు ముక్కులు మూసుకుని ఫోటోలు తీసుకుంటుంటే, పిన్ని ఏ చేప కిలో ఎంతో కనుక్కుని మన జువ్వలదిన్నె రేటుతో పోల్చి చూసింది.

కురునేగల దాకా ఒక బస్సు, అక్కణ్ణించి అనురాధపురానికి ఇంకొకటి. లంకలో బస్సులు రెండు రకాలు: ప్రభుత్వానివి ఎర్రవి, మిగతావి ప్రైవేటువి. రెంటిలోనూ టికెట్టు మన పల్లెవెలుగంత చవక. ఏసీ లేదు, పాటలు మాత్రం గట్టిగా ఉంటాయి. బోర్డులు సింహళం, తమిళం, ఇంగ్లీషుల్లో ఉంటాయి. పిన్నికి చెన్నై ఆస్పత్రుల చుట్టూ తిరిగిన తమిళం కొంత వచ్చు, అదే మాకు దారి చూపింది.

డ్రైవరు వెనక మొదటి సీటు ఖాళీగా ఉంటే పిన్ని సంచీ పెట్టుకుని దర్జాగా కూర్చుంది. రెండు స్టాపుల తరవాత ఒక చిన్న వయసు భిక్షువు ఎక్కాడు. బస్సులో అందరూ పిన్ని వైపు చూశారు. ఆ సీటు మతగురువులకి కేటాయించింది. కండక్టరు ఏమీ అనలేదు, పక్కనున్న ముసలాయన మాత్రం చేత్తో వెనక్కి చూపించాడు. పిన్ని లేచి దణ్ణం పెట్టి వెనక్కొచ్చింది. "మన బస్సుల్లో ఆడవాళ్ళ సీటు ఖాళీ చేయించడానికి గొంతు చించుకోవాలి, ఇక్కడ చూపుతోనే లేపేశారే," అంది.

కురునేగల బస్టాండు పక్క టీ కొట్లో ఇంకో తమాషా. టీ చెప్పి కూర్చోగానే కుర్రాడు ఒక పెద్ద ప్లేటు తెచ్చి మా ముందు పెట్టాడు. రోల్స్, పప్పు వడలు, త్రికోణపు రొట్టెలు, చేప కూరిన బన్నులు, పది పదిహేను దాకా ఉన్నాయి. మేం అడగలేదు. "ఇవన్నీ మన నెత్తిన రుద్దుతున్నాడు, ముట్టుకోకు," అని పిన్ని నా చెయ్యి పట్టుకుంది. పక్క టేబులు చూస్తే అర్థమైంది. ప్లేటు అందరికీ అలాగే పెడతారు, లేచేటప్పుడు ఎన్ని తగ్గాయో చూసి వాటికే డబ్బు తీసుకుంటారు. వాటిని షార్ట్ ఈట్స్ అంటారు. రెండు వడలు, రెండు ప్లెయిన్ టీలు కలిపి మన డబ్బుల్లో అరవై కూడా కాలేదు. పాల టీ అడిగితే పాలపొడితో చేస్తారు, ధర రెట్టింపు పైనే. పాలు కలపని టీ అలవాటు చేసుకుంటే రోజూ కొంత మిగులుతుంది, పైగా అక్కడి ఆకుకి అదే రుచి.

మధ్యాహ్నం భోజనానికి మా మంత్రం "బత్ పాకెట్". అరిటాకో ప్లాస్టిక్ కాగితమో పరిచి, అన్నం, పప్పు, రెండు కూరలు, కొబ్బరి సంబోలు, అప్పడం పెట్టి కట్టిన పొట్లం. అప్పుడు నాలుగు వందల లంక రూపాయల లోపు. ఒక్కటి ఇద్దరికి సరిపోతుంది. కొబ్బరి సంబోలు అంటే పచ్చి కొబ్బరి, ఎండుమిర్చి, ఉల్లి, నిమ్మరసం నూరింది. పిన్ని తెచ్చుకున్న కారప్పొడి డబ్బా మూత ఆ రోజు తియ్యనేలేదు.

మూడో రోజు: పోయ

పౌర్ణమి వాళ్ళకి పోయ, ప్రభుత్వ సెలవు. మేం అనురాధపురంలో ఉన్న శుక్రవారం నవం నెల పోయ పడింది. ముందు తెలిసుంటే రద్దీకి భయపడి మానుకునేవాళ్ళమేమో. గదుల రేట్లు పెరిగాయి నిజమే, కానీ ఊరంతా తెల్లబట్టలు కట్టుకుని నడుస్తుంటే చూడటానికి టికెట్టు అక్కర్లేదు కదా.

శ్రీమహాబోధి దగ్గరికి తామరపూల తట్టలు పట్టుకుని వరసలో వెళ్ళాం. బుద్ధగయలోని బోధివృక్షం కొమ్మని అశోకుడి కూతురు సంఘమిత్త తెచ్చి నాటించిందని, ఇరవై రెండు వందల ఏళ్ళకు పైగా బతికి ఉందని చెబుతారు. మనిషి నాటిన తేదీ రాసిపెట్టి ఉన్న చెట్లలో ఇంత పాతది ఇంకొకటి లేదంటారు. బంగారు ఊతకర్రల మీద వాలిన సన్నటి కొమ్మలు, కింద వందలమంది. పెద్ద మాను ఊహించుకుని వెళితే నిరాశే. చెట్టు కంటే చెట్టు చుట్టూ ఉన్న ఆ మౌనమే చూడాలి. అష్టశీలం (ఎనిమిది నియమాలు) పట్టినవాళ్ళు పొద్దుట నుంచి సాయంత్రం దాకా చాపల మీద కదలకుండా కూర్చున్నారు.

అక్కణ్ణించి రువన్వెలిసాయ నడిచి వెళ్ళొచ్చు. దుట్ఠగామణి రాజు కట్టించిన తెల్లటి స్తూపం, నూరు మీటర్ల పైఎత్తు. ఇంకొంచెం అవతల ఇటుకల జేతవన స్తూపం. నాలుగో శతాబ్దంలో అది 120 మీటర్లకు పైగా ఉండేదట, ఈజిప్టు పిరమిడ్ల తరవాత ఆ కాలంలో అంత ఎత్తు కట్టడం లేదు. ఇటుకలకి పచ్చగా గడ్డి మొలిచి గుట్టలా ఉంది. పురావస్తు శాఖ ప్రాంతాలకి విదేశీయుల టికెట్టు ఖరీదే, కానీ పాస్‌పోర్టు చూపిస్తే మనలాంటి సార్క్ దేశాల వాళ్ళకి అప్పుడు సగమే. అడగకపోతే మాత్రం ఎవరూ చెప్పరు.

మెట్ల ముందు అర్ధచంద్రపు రాళ్ళు చూసి నాకు నాగార్జునకొండ మ్యూజియం గుర్తొచ్చింది. అక్కడా ఇలాంటివే ఉన్నాయి. ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండలో లంక భిక్షువుల కోసం సీహళ విహారం ఉండేదని శాసనం ఉంది. మన పల్నాటి సున్నపురాతి శిల్పాలు లంకలో దొరికాయి. ఆ రాళ్ళు, ఆ భిక్షువులు ఏ బడ్జెట్‌లో సముద్రం దాటారో.

అసలు సంగతి సాయంత్రం జరిగింది. స్తూపం బయట చెట్టు కింద ఒకామె అరచేతులు చూసి జోస్యం చెబుతోంది. వచ్చినవాళ్ళతో సింహళంలో మాట్లాడుతోంది. పక్కనున్న పిల్లవాడు దూరంగా పరిగెత్తితే వెనక్కి రమ్మని అరిచింది. పిన్ని ఠక్కున ఆగిపోయింది. "ఏమే, ఆమె పిల్లోణ్ణి పిలిచింది తెలుగులో కదా!"

నేను చదివి ఉన్నాను కానీ ఎదురవుతారని అనుకోలేదు. లంకలో అహికుంటకులని ఒక చిన్న సమాజం ఉంది. పాములాడించడం, కోతులాడించడం మగవాళ్ళ పని, చెయ్యి చూడటం ఆడవాళ్ళ పని. ఎన్ని తరాల కిందట వెళ్ళారో వాళ్ళకే సరిగ్గా తెలియదు, ఇంట్లో మాట మాత్రం తెలుగే. అనురాధపురం జిల్లాలో తంబుత్తేగమ దగ్గర కుడాగమ లాంటి ఊళ్ళలో స్థిరపడ్డారు.

పిన్ని వెళ్ళి ఎదురుగా చతికిలబడి, "ఏ ఊరమ్మా మీది?" అంది. ఆమె తల ఎత్తి చాలాసేపు చూసింది. తరవాత నవ్వి పిల్లవాడితో ఏదో గబగబా అంది. ఆమె మాట సగం అర్థమయ్యేది, సగం సింహళంలో కలిసిపోయేది. నీళ్ళు, బిడ్డలు, అన్నం, పాము దగ్గర ఏ ఇబ్బందీ లేదు. పిల్లలు బడిలో సింహళమే చదువుతున్నారట, ఇంట్లో కూడా అదే మాట్లాడుతున్నారని ఆమె ఫిర్యాదు. పిన్ని చెయ్యి చూసి, చేతిలో డబ్బు నిలవదని చెప్పింది. చీటీలు నడిపే మనిషికి అంతకంటే పచ్చి అబద్ధం లేదు, అయినా పిన్ని తలూపింది. అడగకుండానే ఐదు వందలు చేతిలో పెట్టింది. రాత్రి నోట్‌బుక్కు తెరిస్తే ఆ ఖర్చు ఎదురుగా "చుట్టాలకు" అని రాసి ఉంది.

నాలుగో రోజు: సిగిరియా

దంబుల్లా దాకా బస్సు, అక్కడ బస్సు మారితే సిగిరియా. ఇక్కడే మా మధ్య మొదటి గొడవ. మాకు సగం ధరకే టికెట్టు, అంటే అప్పట్లో పదిహేను డాలర్లు, ఇంచుమించు పన్నెండు వందల యాభై. "కొండెక్కడానికి మనిషికి పన్నెండు వందలా? నువ్వెక్కి ఫోటోలు తీసుకురా, ఇద్దరం చూద్దాం," అని పిన్ని కింద చెట్టు కింద కూర్చుంది.

అయిదో శతాబ్దంలో కాశ్యపుడు తండ్రి ధాతుసేనుణ్ణి చంపి రాజయ్యాడు. దాచిన ధనం ఎక్కడుందో చూపించమంటే ధాతుసేనుడు కొడుకు మనుషుల్ని తాను కట్టించిన కలావెవ చెరువుకి తీసుకెళ్ళి, నీళ్ళు దోసిట్లోకి తీసుకుని ఇదే నా ధనం అన్నాడని లంక పాత చరిత్ర గ్రంథం చూళవంశ కథ. చెరువుల కింద బతికిన మన జిల్లాల వాళ్ళకి ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. తమ్ముడు తిరిగొస్తాడని భయపడి కాశ్యపుడు ఈ రాతి మీద కోట కట్టుకున్నాడు. పన్నెండు వందల మెట్లు. మధ్యలో సింహం పంజాలు రెండు మిగిలాయి, తల లేదు. ఎండెక్కకముందే వెళ్ళాలని అందరూ చెబుతారు, నేను వెళ్ళింది మధ్యాహ్నం మూడింటికి. జనం తక్కువ, ఎండ ఎక్కువ.

ఇనుప మెట్ల చుట్ట ఎక్కితే రాతి గూటిలో ఆ కాలపు రంగుల బొమ్మలు. పూలు పట్టుకున్న స్త్రీలు, నడుము దాకా మేఘాల్లో. ఒకామెకి చిత్రకారుడు చెయ్యి గీసి మార్చుకున్న గీత ఇప్పటికీ తెలుస్తోంది. అక్కడ ఫోటోలు తియ్యనివ్వరు. కాపలా మనిషి అందరి ఫోన్ల మీదా కన్నేసి ఉన్నాడు. కిందికి దిగేదారిలో అద్దం గోడ, ఒకప్పుడు అద్దంలా మెరిసేదట. ఎనిమిదో శతాబ్దం నుంచి వచ్చిన యాత్రికులు ఆ బొమ్మల మీద పద్యాలు గోకి వెళ్ళారు. పరనవితాన అనే పురావస్తు పండితుడు వాటిలో 685 చదివి 1956లో అచ్చు వేయించాడు. ఈ కాలంలో గోకితే జైలే.

కిందికొచ్చి బొమ్మల ఫోటోలు లేవని చెబితే పిన్ని మొహం చూడాలి. "పన్నెండు వందలు పోసి ఒట్టి చేతుల్తో వచ్చావా?" రాత్రి గదిలో ఒక్కో బొమ్మ గురించి చెప్పించుకుంది, నగలతో సహా. శనివారం కాబట్టి తనకి చేప లేదు. పనసకాయ కూరతో అన్నం. అది మన పెళ్ళిళ్ళ పనసపొట్టు కూరలా కాదు, లేత కాయ ముక్కల్ని కొబ్బరిపాలలో మాంసంలా మగ్గబెడతారు. ఆ ప్రయాణంలో తిన్నవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

ఐదో రోజు, ఆరో రోజు: పిదురంగల, కండి

సిగిరియాకి ఎదురుగా పిదురంగల అని ఇంకో కొండ ఉంది. టికెట్టు చాలా తక్కువ, గుడికి పోతుంది. తెల్లవారుజామున టార్చి వేసుకుని ఎక్కాం, ఈసారి పిన్ని కూడా. సగం దారిలో ఇటుకలతో చేసిన శయన బుద్ధుడు. చివరి పది నిమిషాలు బండల మధ్య చేతులు కాళ్ళు వాడి పాకాలి. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, ఎవరో జర్మన్ అమ్మాయి చెయ్యి పట్టుకుని పిన్ని పైకొచ్చేసింది. పైనుంచి సిగిరియా రాయి మొత్తం కనిపిస్తుంది, సిగిరియా ఎక్కితే అది కనిపించదు కదా. ఒక్కటే చూసే డబ్బుంటే నేనైతే సిగిరియానే అంటాను, ఆ బొమ్మల కోసం. పిన్నిని అడిగితే మాత్రం పిదురంగలే అంటుంది.

కండిలో గదులు కొండ మీద చవక, కింద ఖరీదు. దళదా మాలిగావ అంటే బుద్ధుడి దంతం ఉన్న గుడి. పూజ వేళలకి, ముఖ్యంగా సాయంత్రం ఆరున్నరకి వెళ్ళాలి. దంతం కనిపించదు, అది ఉన్న బంగారు కరండాన్ని (భరిణెని) దూరం నుంచి చూస్తూ కదలాలి. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి.

కండి చివరి నలుగురు రాజులూ నాయక్కర్లు, తెలుగు మూలాలున్న మధుర (మదురై) వైపు వాళ్ళు. 1739లో నరేంద్రసింహుడు వారసుడు లేకుండా పోతే, మధుర నుంచి వచ్చిన ఆయన రాణి తమ్ముడు రాజయ్యాడు. తరవాతి రాజు కీర్తిశ్రీ రాజసింహుడు శైవ కుటుంబంలో పుట్టి కూడా, 1753లో సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) నుంచి భిక్షువుల్ని రప్పించి లంకలో ఆగిపోయిన బౌద్ధ దీక్షను మళ్ళీ నిలబెట్టాడు. ఊరి మధ్యలో అందరూ ఫోటోలు తీసుకునే చెరువు చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు తవ్వించింది. సొంత సర్దారులే ఎదురుతిరిగి 1815లో ఆయన్ని బ్రిటిష్ వాళ్ళకి వదిలేశారు. వేలూరు కోటలో బందీగా ఉంచితే అక్కడే 1832లో పోయాడు. సమాధి పాలారు ఒడ్డున ఉంది.

ఇది చెబితే పిన్నికి కోపం వచ్చింది. "వేలూరు ఆస్పత్రికి ఎన్నిసార్లు పోయాను, ఒక్కరైనా చెప్పారా?" చెరువు చుట్టూ నడుస్తున్నంతసేపూ ఆ రాజు పెళ్ళాలు ఎంతమంది, పిల్లలు ఏమయ్యారు అని అడుగుతూనే ఉంది. మర్నాడు మిగతా కండి అంతా నాకు అంత గుర్తులేదు. వాన పడింది, బట్టలుతుక్కున్నాం.

ఏడో రోజు: మూడో తరగతి

కండి నుంచి కొండల్లోకి వెళ్ళే రైలు గురించి వినని వాళ్ళుండరు. రిజర్వేషన్లు నెల ముందే తెరుస్తారు, తెరిచిన కాసేపటికే అయిపోతాయి. తరవాత అవే టికెట్లు ఏజెంట్ల దగ్గర నాలుగైదు రెట్లకి దొరుకుతాయి. మేం రిజర్వేషన్ లేని మూడో తరగతి తీసుకున్నాం. మన డబ్బుల్లో నూట యాభై లోపే. మొదటి రెండు గంటలు నిలబడ్డాం. పిన్నికి మాత్రం బడిపంతులులా ఉన్న ఒకాయన సీటిచ్చాడు.

నిలబడితే ఒక లాభం ఉంది, తలుపు దగ్గర గాలి. హట్టన్ దాటాక కొండల నిండా తేయాకే. రైలు ఎంత నెమ్మదంటే, పట్టాల పక్కన నడిచే పిల్లలు కిటికీలోని వాళ్ళతో రెండు మాటలు మాట్లాడి వెనకబడతారు. నానుఓయలో టూరిస్టులందరూ దిగిపోయారు, మాకు కిటికీ సీట్లు వచ్చాయి. ఆ తరవాతే అసలు అందం. పట్టిపొల 6,200 అడుగుల పైచిలుకు ఎత్తున ఉంది, లంకలో అంతకంటే ఎత్తున ఇంకో స్టేషను లేదు. చలికి పిన్ని తువ్వాలు తలకి చుట్టుకుంది.

తట్టలో వడలమ్మే కుర్రాడు ఎక్కాడు. పప్పు వడల మీద రొయ్యలు అతికించి వేయించినవి, ఇస్సో వడ. పొట్లం కట్టిన కాగితం ఎవరో పిల్లవాడి లెక్కల పరీక్ష పేపరు. భాగహారాలు, ఎర్ర సిరాతో తప్పు గుర్తులు. పిన్ని వడలు తినడం ఆపి, ఆ లెక్క మళ్ళీ చేసి చూసి, "పంతులే తప్పు దిద్దాడు, పిల్లోడు కరెక్టే," అంది. సీటిచ్చినాయన కాగితం తీసుకుని చూసి గట్టిగా నవ్వాడు.

అందరూ ఎల్లా అనే ఊరి దాకా పోతారు. మేం ముందే హపుతలేలో దిగాం. ఎల్లాలో గది ధర చూస్తే గోవా గుర్తొచ్చింది, కాఫీ షాపులూ అలాంటివే. ఎల్లా దగ్గరి తొమ్మిది కమానుల రైలు వంతెన చూడాలంటే హపుతలే నుంచి పొద్దున రైలెక్కి వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. మేం అదీ చెయ్యలేదు.

ఎనిమిదో రోజు: హపుతలే

పొద్దున ఆరున్నర బస్సులో దంబతెన్న తేయాకు ఫ్యాక్టరీ దాకా వెళ్ళాం. బస్సు నిండా తోట పనివాళ్ళు, బడి పిల్లలు. 1890లో లిప్టన్ కట్టించిన ఫ్యాక్టరీ, ఇంకా నడుస్తోంది. అక్కణ్ణించి లిప్టన్ సీటు అనే శిఖరానికి ఏడు కిలోమీటర్లు తోటల మధ్య నడక. ఆటోలు ఉన్నాయి, మేం ఎక్కలేదు. తొమ్మిదింటికల్లా పైకి చేరితే దక్షిణ తీరం దాకా కనిపిస్తుందంటారు, పది దాటితే మంచు కమ్మేస్తుంది. మాకు సగమే కనిపించింది.

దిగేటప్పుడు ఆకు కోసే ఆడవాళ్ళు మధ్యాహ్నం తూకానికి దారి పక్క కూర్చుని ఉన్నారు. వీళ్ళు తమిళులు. బ్రిటిష్ వాళ్ళు మొదట కాఫీ తోటలకి, ఆకు తెగులుతో కాఫీ పోయాక తేయాకుకి తమిళ జిల్లాల నుంచి తెచ్చిన కూలీల సంతతి. లంకకి స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే వీళ్ళ పౌరసత్వం పోయింది. 1964లో మన ప్రధాని శాస్త్రి, లంక ప్రధాని సిరిమావో ఒప్పందం చేసుకుని కొన్ని లక్షల మందిని ఇండియా పంపాలని పంచుకున్నారు. మిగిలినవాళ్ళకి పౌరసత్వం తిరిగి రావడానికి దశాబ్దాలు పట్టింది.

పిన్ని వచ్చీరాని తమిళంతో వాళ్ళ మధ్య కూర్చుంది. ఒకామె వేళ్ళు చూపించింది. ఆకు కసరుకి కొనలు నల్లగా, పగుళ్ళు పగుళ్ళుగా ఉన్నాయి. రోజుకి వెయ్యి రూపాయలు, అది కూడా కిలోల లెక్క నిండితేనే. అప్పటికి అదే రేటు, పెంచమని గొడవ జరుగుతోంది. పిన్ని మనసులో భాగించింది. "రెండు వందల డెబ్భై. మన ఊళ్ళో నాట్లకి ఇంతకి రెండింతలిచ్చినా రావడం లేదు."

ముందు రోజు సాయంత్రం హపుతలేలో ఒక టూరిస్టు హోటల్లో టీ ధర చూశాం. కుండ టీ ఏడు వందలు. మేం తాగలేదు, బయట యాభైకి తాగాం. పిన్ని ఆ రెండు అంకెలూ వెయ్యి పక్కన రాసుకుని చాలాసేపు చూసింది కానీ వాటి మీద ఏమీ అనలేదు.

చవక ప్రయాణం గురించి రాసేవాళ్ళు ఒక మాట తప్పించుకుంటారు. లంక మనకి చవక అయిందంటే, వాళ్ళ రూపాయి కూలిపోయింది కాబట్టే. 2022 మొదట్లో డాలరుకి రెండు వందలున్నది కొద్ది వారాల్లో మూడు వందలు దాటింది. అలాగని బేరం ఆడొద్దని కాదు. ఎయిర్‌పోర్టు బయట మూడింతలు చెప్పే ఆటోతో ఆడాల్సిందే. ఇంట్లో ఒకటి రెండు గదులు అద్దెకిచ్చే ఆవిడతోనో, పొట్లం అన్నం అమ్మే మనిషితోనో ఆడితే మిగిలేది మన ఇరవై రూపాయలు. మేం మిగుల్చుకున్నదంతా బస్సులో, రైల్లో, పొట్లాల్లో, ఏసీ లేకుండా పడుకోవడంలో. ఎవరి నోటి దగ్గరా లాక్కోవాల్సిన పని పడలేదు.

తొమ్మిదో రోజు: కిందికి

హపుతలే నుంచి బెరగల, అక్కణ్ణించి వెల్లవాయ, మళ్ళీ మాతర, గాలే. నాలుగు బస్సులు, రోజంతా. కొస్లంద దగ్గర దియలుమ జలపాతం రోడ్డు మీది నుంచే కనిపించింది, డ్రైవరు మాత్రం ఆపలేదు. కొండ దిగుతుంటే గంటకో వాతావరణం. మధ్యాహ్నానికి స్వెట్టర్లు సంచీలోకి పోయాయి.

గాలే కోటలో నడవటానికి డబ్బు లేదు, తినడానికి మాత్రం చాలా కావాలి. పోర్చుగీసు వాళ్ళు మొదలెట్టి డచ్చివాళ్ళు పెంచిన గోడలు. సాయంత్రం ప్రాకారం మీద స్థానిక కుటుంబాలు, గాలిపటాలు, క్రికెట్ స్టేడియం వెనక నుంచి చూసే కుర్రాళ్ళు. గది బస్టాండు వైపు తీసుకున్నాం, భోజనం కూడా అటే.

పదో రోజు: కొలంబో

గాలే, కొలంబో రైలు సముద్రాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఎడమవైపు కిటికీ పట్టుకోండి. హిక్కడువ దాటుతుండగా పెరలియ దగ్గర ఎత్తయిన బుద్ధుడి విగ్రహం కనిపిస్తుంది. 2004 డిసెంబరు 26న సునామీ ఇక్కడే ఇదే లైన్లో వస్తున్న రైలుని ముంచెత్తింది. పదిహేడు వందల మందికి పైగా పోయారు. పెట్టెలో ఒకాయన మాకు చెయ్యి చాచి చూపించి, మళ్ళీ పేపర్లో తలదూర్చాడు. మాకూ ఆ రోజు గుర్తుంది. మా తీరంలోనూ చాలా ఇళ్ళు పోయాయి.

కొలంబోలో ఒక పూటే ఉన్నాం. పేట్టా బజారులో దాల్చినచెక్క కొన్నాం. లంక దాల్చినచెక్క సన్నటి పొరలు చుట్టుకుని ఉంటుంది, వేళ్ళతోనే విరుగుతుంది. మన షాపుల్లో దొరికే మందం చెక్క వేరే జాతి. గాల్ ఫేస్ మైదానంలో 2022 వేసవిలో గుడారాలు వేసి జనం అధ్యక్షుణ్ణి గద్దె దింపేదాకా కూర్చున్నారు. ఇప్పుడు అక్కడ గాలిపటాలు, ఇస్సో వడల బళ్ళు.

ఎయిర్‌పోర్టుకి 187 నంబరు బస్సు. తాటిబెల్లం పాకం లాంటి కితుల్ పాకం సీసా ఒకటి పిన్ని చేతిసంచీలో దాచింది. ద్రవం కాబట్టి చెకిన్ సామాన్లో వెయ్యాలని చెప్పి, కౌంటరు ముందు నిలబడి, రెండు చీరల మధ్య చుట్టి సూట్‌కేసులో పెట్టించాను. మిగిలిన లంక నోట్లు అక్కడే మార్చుకోవాలి, మన దగ్గర ఎవరూ తీసుకోరు.

గేటు దగ్గర కూర్చుని పిన్ని మొత్తం కూడింది. మనిషికి ఇరవై ఏడు వేల చిల్లర, టికెట్టుతో కలిపి. నా వైపు అంకె కొంచెం ఎక్కువగా ఉంది. ఎందుకని అడిగాను.

"సిగిరియా నీ ఒక్కదాని ఖర్చు. నేను బొమ్మ కూడా చూడలేదు," అంది.